డమ్మీ తారీఖు

రెండు వందల పన్నెండు. మళ్ళీ నొక్కితే మళ్ళీ రెండు వందల పన్నెండే. రావలసింది రెండు వందల డెబ్బై మూడు, మధ్యలో అరవై ఒక్క మంది మనుషులు ఎటు పోయారో ఈ తెర చెప్పదు, అడిగినదానికి మాత్రమే జవాబిస్తుంది, అడగడం రాకపోతే నీ ఖర్మ అంటుంది, కిటికీ వెనక కూర్చున్న గుమస్తా లాగా. మూడు దాటి ఐదు నిమిషాలు. నాలుగింటికి ఈ జాబితా గేటు మిషన్‌కి పోతుంది, పోయాక తాళం పడుతుంది, జాబితాలో పేరు లేనివాళ్ళ కార్డుకి సోమవారం కూడా ఎర్ర లైటే, వాళ్ళ చోట్లకి కొత్త మనుషుల్ని సూపర్‌వైజర్ అప్పుడే మాట్లాడి పెట్టుకున్నాడు, మనుషులకి కొరవా ఈ ఊళ్ళో, బోరబండ స్టేషన్ దగ్గర పొద్దున ఆరింటికి నిలబడితే చాలు. ఆరో అంతస్తులో నేనొక్కదాన్నే. శుక్రవారం అందరూ ఇంటి నుంచి పని చేస్తారు, నాకు ఇల్లంటే ఒక గది, ఆ గదిలో అమ్మ మంచం ఇంకా అలాగే ఉంది, దాని పక్కన కూర్చుని పని చేయలేను కాబట్టి శుక్రవారాలు కూడా వస్తాను, నలభై కుర్చీల మధ్య ఒక్క కుర్చీలో కూర్చుంటాను, ఎవరూ కదలకపోతే పావుగంటకి లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, అప్పుడు చెయ్యి పైకెత్తి ఊపాలి, నేనున్నాను అని, బతికే ఉన్నాను అని. ఇప్పుడే ఊపాను. వెలిగాయి.

మా కంపెనీ ఈ చుట్టుపక్కల టవర్లకి ఊడ్చేవాళ్ళనీ, కాపలావాళ్ళనీ, బండ్లు నడిపేవాళ్ళనీ పంపుతుంది. వాళ్ళ పేర్లూ ఫొటోలూ కాగితాలూ ఉండే డేటాబేసు నా చేతి కింద. కొత్తగా ఈ నెల నుంచి, అంటే ఇవాళ్టి నుంచి, ఇన్నాళ్ళూ హాజరుకే గీకిన కార్డుని చూసి గేటు మిషన్ తలుపు తీస్తుంది, ఎవరికి తియ్యాలో డేటాబేసుని అడిగే ప్రశ్న, ఆ క్వెరీ, అవినాష్ రాశాడు, రాసి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తడు, ఎందుకెత్తుతాడు. అవినాష్ రాసిన షరతులు నాకు కొత్త. ఒకటి, కాంట్రాక్టు గడువు మిగిలి ఉండాలి. రెండు, పోలీసు వెరిఫికేషన్ అయి ఉండాలి. మూడు, గడిచిన నలభై ఐదు రోజుల్లో ఒక్కసారైనా కార్డు గీకి ఉండాలి. నాలుగోది ఏమిటో ఎంతసేపు చూసినా అర్థం కాలేదు, సైటు కోడ్ ఏడు కాకూడదట, ఏడులో ఏముందో, తవ్వి చూస్తే రెండేళ్ళ కింద కూలగొట్టిన గోడౌను, అందులో ఇప్పుడు మనిషి లేడు, కుక్క కూడా లేదు. నాకు ఇవి ఎవరూ నేర్పలేదు, పగిలిన అద్దం ఫోన్‌లో ఉచిత వీడియోలు చూసి నేర్చుకున్నాను, అందుకని పెద్ద పద్ధతులు తెలియవు, ఒక్కటే తెలుసు, వైరు ఎక్కడ తెగిందో తెలియనప్పుడు ఒక్కొక్క స్విచ్చీ ఆపి చూడాలి. మొదటి షరతు ముందు రెండు గీతలు పెట్టాను, షరతు నిద్రపోతుంది, నడిపాను, రెండు వందల పన్నెండు. రెండోదీ నిద్రపుచ్చితే రెండు వందల పద్నాలుగు, ఇద్దరు తిరిగొచ్చారు, గుండె లేచింది, చూస్తే పోయిన వారమే చేరిన ఇద్దరు, పోలీసు కాగితాలు ఇంకా రాలేదు, ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీ అంటే అవును కాదు, కాదు కూడా కాదు, ఏమీ చెప్పకపోవడం. ఏమీ చెప్పనివాళ్ళని ఈ మిషన్లు బయటే నిలబెడతాయి. వాళ్ళిద్దరి సంగతి సరే, కాగితాలు వచ్చాకే రావాలి. మిగతా యాభై తొమ్మిది మంది? మూడోదీ ఆపాను, నాలుగోదీ ఆపాను, అన్ని షరతులూ నిద్రపోయాయి, అయినా రెండు వందల పద్నాలుగే.

ఫోన్ మోగింది, మోగుతుందని తెలుసు, పొద్దున్నుంచి ఇది తొమ్మిదోసారి. యాదమ్మ అత్త. మా గల్లీలోనే ఉంటుంది, అమ్మతో పాటు ఇదే టవర్లో పదకొండేళ్ళు ఊడ్చింది, అమ్మ పోయాక కూడా ఊడుస్తోంది, ఊడ్చేది నిన్నటి దాకా.

"ఏమాయె బిడ్డా, దొరికినమా?"

"చూస్తున్న అత్తా."

"జర జల్ది జూడే. పొద్దుగాల్లకెల్లి నిలవడ్డ, కాళ్ళు గుంజుతున్నయి. ఈ నర్సయ్యను జూడు, లోపట కుర్చేస్కొని కూసున్నడు మారాజు. గీయన కార్డు గూడ ఎర్రదే జూపెడ్తదట, రాత్రి డూటీల లోపట్నే ఉండిపాయె గావట్టి బతికిండు."

వెనక నుంచి నర్సయ్య గొంతు, కాపలా నర్సయ్య, అరవై దగ్గరపడ్డ మనిషి. "ఏం బతుకుడమ్మా, గేటు దాటితే మల్ల రానియ్యదిది. చాయ్‌కు గూడ పోకుంట కూసున్న. నా గేటుకాడ నేనే దొంగనైన."

"దొంగవే నువ్వు, నిన్న నా సద్దిల ఉల్లిగడ్డ ఎవలు తిన్నరు?" అని యాదమ్మ అత్త, పకపకా నవ్వు, ఎండలో నిలబడి నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో ఆ మనిషికి, మళ్ళీ గొంతు తగ్గించి, "బిడ్డా, నిజం జెప్పు. మమ్ముల తీసేసిన్రా? తీసేస్తె తీసేసినమని చెప్పున్రి. గిట్ల నిలవెట్టుడేంది?"

తీసెయ్యలేదు అత్తా, తప్పయింది, అన్నాను. ఎవరి తప్పు అని అడగలేదామె. ఎవరి తప్పు అనే మాట వాళ్ళు ఎప్పుడూ అడగరు, అడిగితే పని పోతుంది, అడక్కపోయినా పోతుంది, అయినా అడగరు, అది నాకు మంట. ఎవడో ఒకడు, చల్లని గదిలో కూర్చుని, పక్కన కాఫీ పెట్టుకుని, ఒక్క లైను కొట్టి ఉంటాడు, ఆ లైనుకి ఇక్కడ యాభై తొమ్మిది మంది గేటు బయట నిలబడ్డారు, వాడికి తెలియను కూడా తెలియదు, ఏ చెయ్యి ఏ గొంతు మీద పడిందో చేతికి తెలియని పని ఈ పని. దొరకనీ వాణ్ణి. పేరుతో సహా రాస్తాను రిపోర్టులో, మర్యాదలేమీ పెట్టుకోను, ఇక్కడ అందరూ తప్పుని తప్పు అనరు, అంశం అంటారు, గమనించవలసిన అంశం, థూ. అమ్మ పోయాకే నాకీ నోరు వచ్చింది. ఊడ్చేవాళ్ళు ముందువైపు లిఫ్టు ఎక్కకూడదని అద్దం మీద కాగితం అంటిస్తే నేనే చింపాను, కాపలావాళ్ళకి కుర్చీ ఎందుకివ్వరని మీటింగులో అడిగాను, ఆ కుర్చీలోనే ఇప్పుడు నర్సయ్య కూర్చున్నాడు. అమ్మ ఉండగా ఈ నోరు ఎక్కడ పెట్టుకున్నానో. అమ్మ ఉండగా అమ్మతోనే చెప్పాను, లాబీలో నన్ను పలకరించకు అని. ఉద్యోగం వచ్చిన మొదటి రోజు, బోరబండలో లోకల్ ట్రైన్ ఎక్కుతూ చెప్పాను, ఇద్దరం ఒకే పెట్టెలో, ఒకే కడ్డీ పట్టుకుని, ఇద్దరం ఒకే స్టేషన్‌లో దిగాలి, ఒకే గేటు లోపలికి పోవాలి, నువ్వు నా వెనక ఒక పది నిమిషాలాగి రా అన్నాను. సరే బిడ్డా అంది. అంతే అంది. బకెట్ తోసుకుంటూ ఎదురుపడితే మొహం అద్దం వైపు తిప్పి లేని మరక తుడిచేది. నేను ఆ అద్దంలో నా మొహం చూసుకుంటూ దాటిపోయేదాన్ని.

మూడుంపావు. పని చూడు నవనీతా. అన్ని షరతులూ తీసేసినా మనుషులు రాలేదంటే ఏమిటి అర్థం. పైన పట్టిన చాయ్ వడకట్టే జాలీ తీసేసినా గిన్నెలో చాయ్‌పత్తా కనపడలేదంటే, గిన్నెలో పోయకముందే ఎవరో ఒకసారి వడపోశారన్నమాట. అవినాష్ మనుషుల్ని అసలు పట్టిక నుంచి తేలేదు, మధ్యలో ఎవరో వడపోసి పెట్టిన పట్టిక ఒకటుంది, దాని నుంచి తెచ్చాడు, రెడీమేడ్‌గా దొరికింది కదా అని, దానికి పేరు కూడా ముద్దుగా ఉంది, శుభ్రమైన సిబ్బంది అని ఇంగ్లీషులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా శుభ్రం చేసేవాళ్ళు శుభ్రమైన జాబితాలో లేరు. ఆ మధ్య పట్టికని విప్పి చూడొచ్చు, ఒక్క నొక్కు, కాని చెయ్యి పోలేదు, ఎందుకో పోలేదు, ముందు ఆ యాభై తొమ్మిది మందినీ అసలు పట్టిక నుంచి బయటికి తీద్దాం అనుకున్నాను, వాళ్ళలో ఉమ్మడిది ఏమిటో చూద్దాం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తీశాను. వరసగా పడ్డారు తెర మీద. మల్లమ్మ, నారాయణపేట. బాలకిష్టయ్య, మెదక్. అమ్మణ్ణి, శ్రీకాకుళం. నర్సయ్య, జనగామ. యాదమ్మ, నాగర్‌కర్నూల్. జిల్లాలు వేరు. టవర్లు వేరు. సూపర్‌వైజర్లు వేరు. చేరిన సంవత్సరాలు వేరు. ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళూ ఉన్నారు. అందరూ నలభై దాటినవాళ్ళే, అది ఒక్కటి కలిసింది, వయసు చూద్దామని పుట్టిన తేదీ గడి మీదికి వెళ్ళాను.

ఒకటి ఒకటి. ఒకటి ఒకటి. ఒకటి ఒకటి. కిందికి జరుపుతున్నాను, సంవత్సరం మారుతోంది, డెబ్బై రెండు, అరవై ఎనిమిది, డెబ్బై ఐదు, ముందున్న రెండు ఒకట్లూ మారడం లేదు. జనవరి ఒకటి. యాభై తొమ్మిది మందీ జనవరి ఒకటిన పుట్టారు. లైట్లు ఆరిపోయాయి, చెయ్యి ఎత్తలేదు. నాకు తెలుసు ఈ తారీఖు ఎక్కడిదో, నేను అక్కడే నిలబడి ఉన్నాను, బోరబండ కమ్యూనిటీ హాలు, ఆధార్ తీస్తున్నారు, నాకు పదకొండేళ్ళు, అమ్మ కొంగు పట్టుకుని లైన్లో మూడు గంటలు. పుట్టిన తారీఖు అన్నాడు కంప్యూటరాయన. నాకేమెరుక సారూ, మా అమ్మకెరుక, ఆమె సచ్చిపాయె, అంది అమ్మ. ఏడాదన్నా చెప్పు అన్నాడు. చెరువు తెగిన యేడు అంది. ఆయన తల కొట్టుకున్నాడు. పెసలు ఏరే దినాలల్ల పుట్టిన్నట సారూ, వాన పడుతుండెనట, మా అమ్మ చేన్ల కెల్లి ఇంటికి రాలేకపాయెనట, అని అమ్మ చెప్పుకుంటూ పోతోంది, చెరువు, చేను, వాన, మంత్రసాని పేరుతో సహా చెప్తోంది, ఆమెకి తెలియదని ఎవరన్నారు, అంతా తెలుసు, ఆయన గడిలో పట్టే విధంగా తెలియదు, అంతే. వెనక లైను పెద్దది. ఆయన మా అమ్మ మొహం చూసి ఒక సంవత్సరం వేసి, ముందు ఒకటి ఒకటి కొట్టాడు. మా ముందు నిలబడ్డామెకీ అదే కొట్టాడు, వెనక నిలబడ్డామెకీ అదే కొట్టి ఉంటాడు, ఊరి నుంచి ఒకే బస్సులో దిగినట్టు అందరూ ఒకే రోజున భూమ్మీదికి దిగారు. ఇంటికి పోతూ అమ్మ అడిగింది, జనవరి అంటే ఏ నెలనే, పెసలప్పుడా? కాదమ్మా, చలికాలం. అయ్యో, చలికి పుట్టిచ్చిండా నన్ను, అని నవ్వింది.

చెయ్యి ఎత్తాను. వెలిగాయి. ఇక విప్పాలి, విప్పకుండా ఉండడానికి సాకులు అయిపోయాయి. చెయ్యి ఎందుకు పోలేదో ఇప్పుడు తెలుస్తోంది, చేతికి నాకంటే ముందు తెలుసు. విప్పాను. అవినాష్ పెద్దగా ఏమీ రాయలేదు, పాత పుట్టినరోజుల జాబితా ఒకటుంటే దాన్నే తీసుకుని పేరు మార్చి పెట్టాడు. కింద నుంచి మూడో లైను. నెల ఒకటి, రోజు ఒకటి అయినవాళ్ళని తీసెయ్యి. పైన రెండు గీతలు పెట్టి ఎవరో ఇంగ్లీషులో రాసిన మాట, డమ్మీ పుట్టినరోజులు తీసేయడమైనది. ఆ పక్కన తారీఖు, మూడేళ్ళ కిందటి జనవరి, సరిగ్గా ఒకటి. తారీఖు పక్కన పేరు. నవనీత. చల్లని గది ఇదే. కాఫీ కప్పు కూడా ఇదే, అడుగున ఎండి ఉంది.

ఎవడో అన్నాను కదా. వాడిని దొరకనీ అన్నాను కదా.

ఆ రోజు లాబీలో పెద్ద తెర కొత్తగా పెట్టారు, రోజూ ఆ రోజు పుట్టినవాళ్ళ పేర్లు పూలతో, బెలూన్లతో వస్తాయి, ఆ జాబితా తీసే పని నాది, నేను చేరిన కొత్త, నా మొదటి క్వెరీ అది, ఎంత గొప్పగా అనిపించిందో. జనవరి ఒకటి వచ్చింది. మామూలు రోజుల్లో రెండు పేర్లు, మూడు పేర్లు, ఆ రోజు మొదలైన పేర్లు ఆగలేదు, ఒక్కొక్క పేరూ పది సెకన్లు, బుచ్చమ్మ, ఈదయ్య, మల్లమ్మ, పూలు, బెలూన్లు, యాదమ్మ, పూలు, బెలూన్లు. ఊడ్చేవాళ్ళంతా చీపుర్లు గోడకి ఆనించి చూస్తున్నారు. సరోజమ్మ. అమ్మ పేరు. తెర అంతా అమ్మ పేరు, తెలుగులో, ఒక్కో అక్షరం ఆమె తలకాయంత. అమ్మ మాప్ కర్రని రెండు చేతులా పట్టుకుని నిలబడింది, నోరు కొంచెం తెరిచి, ఎవరో ఫొటో తీస్తుంటే కొంగు సర్దుకుంది. యాభై ఏళ్ళలో ఆమెకి పుట్టినరోజు అన్నవాళ్ళు లేరు. అబద్ధపు తారీఖే కావచ్చు, చెప్పింది మాత్రం నిజంగానే చెప్పారు. నేను లిఫ్టులో ఉన్నాను అప్పుడు, అద్దం లిఫ్టు, అంతా కనిపిస్తుంది, పక్కన మా టీమ్‌వాళ్ళు. ఈ ఆయాలంతా ఒకే రోజు పుట్టారా ఏంటండీ, అని ఒకరు. ఆస్పత్రి వాళ్ళు బల్క్ ఆఫర్ పెట్టారేమో, అని ఇంకొకరు. నవ్వు. లిఫ్టు చిన్నది, నవ్వు పోవడానికి చోటు లేదు. నేనేం చేశాను. నవ్వలేదని చెప్పుకుందామని ఉంది. కొంచెం నవ్వాను. డేటా బాగా లేదండి, డమ్మీ తారీఖులు, సాయంత్రానికి తీసేస్తాను, అన్నాను, ఎవరూ అడగలేదు, నేనే అన్నాను. మా లీడ్ ప్రవీణ గారు, మంచి క్యాచ్ నవనీతా, అన్నారు. ఉద్యోగంలో నాకు వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. సాయంత్రం దాకా కూడా ఆగలేదు, మధ్యాహ్నానికే తీసేశాను. లైను రాయడానికి ఒక్క నిమిషం పట్టింది.

మరుసటి జనవరి ఒకటిన అమ్మ నాకంటే ముందు రైలుకి పోయింది. తలకి నూనె, కొత్త క్లిప్పు, యూనిఫాం ఇస్త్రీ. రాత్రి ఇంట్లో అన్నం పెడుతూ అంది, ఈ పారి నా పేరు రాలేదేందే, పొద్దుగూకె దాక జూసిన, ఎవ్వల పేర్లు రాలె. నేను కంచం లోంచి తలెత్తలేదు. మిషన్ కరాబైందమ్మా, అన్నాను. అట్లనా, అంది. పప్పు వేసింది. మల్ల బాగైతదా? అంది. అయితది, అన్నాను. ఆ ఏడు వానల్లో అమ్మ పోయింది, దవాఖానలో చేర్పించేటప్పుడు పుట్టిన తారీఖు అడిగారు, ఒకటి ఒకటి అని రాసి సంతకం పెట్టాను, పోయిన తారీఖు మాత్రం వాళ్ళే సరిగ్గా రాసుకున్నారు. మిషన్ కరాబు సంగతి మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకున్నాను, మరుపు కూడా ఒక షరతే, మనకి మనమే పెట్టుకున్నది, రెండు గీతలు తీస్తే లేచి కూర్చుంటుంది.

మూడూ ముప్పై ఎనిమిది. ప్రవీణ గారికి మెసేజ్ పెట్టాను, తప్పు దొరికింది, మధ్య పట్టికలో జనవరి ఒకటి తీసేసే లైను ఉంది, అది తొలగించాలి, మీరు ఒప్పుకోవాలి. జవాబు వెంటనే వచ్చింది. "సూపర్ అండి! కానీ ఆ పట్టిక ముట్టుకోకండి, పుట్టినరోజుల స్క్రీన్ దాని మీదే నడుస్తోంది. ఆ యాభై తొమ్మిది పేర్లు ఇవాళ్టికి చేత్తో కలిపేయండి చాలు." చేత్తో కలపడం తేలికే, రెండు నిమిషాలు, వచ్చే నెల మళ్ళీ చేత్తో, ఆ పై నెల ఎవరైనా మరిచిపోతారు, మళ్ళీ ఎండలో నిలబడతారు. అదే రాశాను, లైను తీసేస్తేనే సరి అని. చుక్కలు కదిలాయి, ఆగాయి, కదిలాయి. "మళ్ళీ జనవరి ఫస్ట్‌కి లాబీలో ఆ గొడవంతా ఎందుకండీ? గుర్తుందిగా, ఎంత నవ్వుకున్నామో." గుర్తుందండి, అని కొట్టాను. ఆమె చెడ్డ మనిషి కాదు, జ్వరం వస్తే మాత్రల పేర్లు మెసేజ్ పెడుతుంది, ఆమెకి తెలియదు, నేను చెప్పలేదు, నా గడి ఖాళీగా ఉంచుకున్నాను, మూడేళ్ళు, అవునూ కాదూ రెండూ కాకుండా. లైను తీయాలండి, అని మళ్ళీ కొట్టాను. మూడూ నలభై నాలుగు. "మీ ఇష్టమండి. కారణం కాలమ్ మాత్రం నింపండి, లేకపోతే సిస్టమ్ తీసుకోదు."

కారణం. చిన్న పెట్టె, మినుకుమంటూ ఒక గీత. ఇక్కడ ఏం రాయాలో ఇక్కడి వాళ్ళందరికీ తెలుసు, పాత షరతు, అనుకోని ప్రభావం, సరిచేయడమైనది, ఎవరికీ దెబ్బ తగలని మాటలు. పేరుతో సహా రాస్తానన్నాను కదా. రాశాను. ఈ లైను పెట్టింది నేను, నవనీత. ఇవి డమ్మీ తారీఖులు కావు, పుట్టిన రోజు ఎవరూ రాసి పెట్టని మనుషులకి సర్కారు ఇచ్చిన తారీఖులు. వీళ్ళని చూసి నవ్వారని సిగ్గుపడి తీసేశాను. వీళ్ళలో మా అమ్మ ఉంది. సరోజమ్మ, హౌస్‌కీపింగ్, ఇదే టవర్. చదవలేదు మళ్ళీ, చదివితే దిద్దుతాను, దిద్దితే ఇంకో అబద్ధం అవుతుంది, పంపేశాను. మూడూ నలభై తొమ్మిది. యాభై. యాభై రెండు. ఆకుపచ్చ గుర్తు పడింది. కింద ప్రవీణ గారి మాట, "అప్రూవ్ చేశానండి. కారణం కొంచెం ప్రొఫెషనల్‌గా రాసి ఉంటే బాగుండేది." అంతే. ఇంకేమైనా వస్తుందేమోనని చూశాను, ఏం వస్తుందనుకున్నానో, చుక్కలు కూడా లేవు.

లైను మీద మౌసు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం చేసి, తీసేశాను. నా పేరూ దాంతోపాటే పోయింది. నిద్రపోతున్న నాలుగు షరతుల్నీ లేపాను. నడిపాను. రెండు వందల డెబ్బై ఒకటి. పంపాను. మూడూ యాభై ఆరు. అప్పుడు, ఎవరూ అడగని ఇంకో క్వెరీ రాశాను, ఏ షరతూ లేకుండా, పేరు ఒక్కటే ఇచ్చి. ఒక్క వరస వచ్చింది. సరోజమ్మ. స్థితి, పనిలో లేరు. పుట్టినది, ఒకటి ఒకటి. చివరిసారి కార్డు గీకింది ఒక మంగళవారం, పొద్దున ఆరూ యాభై ఒకటి. నా కార్డు చూసుకున్నాను అదే రోజుకి. ఏడూ ఒకటి. పది నిమిషాలు. చివరి రోజు దాకా, నేను ఎప్పుడో అని మరిచిపోయిన మాట. ఆగిందెవరో, ముందు పోయిందెవరో కూడా చూడు నవనీతా, వెనక ఆగమని నేనంటే, ఆమె ముందే వచ్చి పని మొదలుపెట్టేసింది, నేను లాబీలోకి వచ్చేసరికి అద్దాల దగ్గర మొహం తిప్పుకుని ఉండడానికి.

ఫోన్.

"ఆకుపచ్చగైంది బిడ్డా! గియ్యాలకు తెరిచింది! ఓ నర్సయ్యా, లేవయ్యా, పో, పోయి చాయ్ తాగి రాపో, నీ గేటు నిన్ను గుర్తుపట్టింది." ఆమె ఊపిరి, గేటు టింగుమన్న చప్పుడు, వెనక ఇంకో టింగు, ఇంకోటి, ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. "గీ పొద్దు మీ అమ్మ ఉండాలె నవనీతా. ఎంత సంబురపడు. నీకెరుకనా, గప్పుడు ఆ టీవీల మా పేర్లు రాలేదు గదా ఒగ యేడు, మేమంత ఒగటే మొత్తుకున్నం, మనల మర్చిపోయిన్రని. మీ అమ్మ ఏమన్నదో ఎరుకనా? ఎవ్వలు మర్చిపోలె, మిషిను కరాబైంది, నా బిడ్డె పైనుంటది, దానికెరుక, అదే బాగు జేస్తది, ఎవ్వలకు చెప్పకున్రి అది నా బిడ్డెనని, గట్లన్నది. దినాము జెప్పేది. సచ్చేదాక జెప్పింది. గది గూడ బాగైందానే ఇయ్యాల? ఆ టీవీ మిషిను?"

లైట్లు ఆరిపోయాయి. "అత్తా," అన్నాను, "మిషన్ ఎన్నడు కరాబు కాలే. నేనే తీసేసిన. మీ పేర్లన్ని నేనే తీసేసిన, అమ్మ పేరు గూడ. నలుగురు నవ్విన్రని తీసేసిన. అమ్మకు అబద్ధం చెప్పిన అత్తా." చెప్పేశాను. అత్తా, అన్నాను మళ్ళీ. బట్ట రాసుకుంటున్న చప్పుడు. ఫోన్ కట్ చేయకుండానే నడుముకి దోపుకుంది, పనికి ఆలస్యమైంది కదా, పొద్దున్నుంచి ఆగిన తొమ్మిది గంటల పని మిగిలింది కదా, ఎప్పుడు దోపుకుందో, నేను చెప్పింది విన్న తర్వాతో, వినకముందో. దూరంగా బకెట్ చక్రాల కిర్రు, కుళాయి నీళ్ళు, ఎవరితోనో ఏదో అంటోంది, నవ్వుతోంది, తర్వాత మాప్ నేల మీద అటూ ఇటూ, అటూ ఇటూ. నేను ఫోన్ పెట్టలేదు. చీకట్లో చెయ్యి కూడా ఎత్తలేదు. ఈ చప్పుడు ఆరో అంతస్తు దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, అమ్మకి ఒక్కో అంతస్తూ ఇరవై నిమిషాలు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు ఈ మాట మళ్ళీ మొదటి నుంచి, మొహం చూసి చెప్పాలి. కూర్చున్నాను.